బీచ్ రోడ్డులో సాయంత్రం ఫ్యామిలీ సైకిల్ రైడ్: ఎనిమిదేళ్ల పాపతో వెళ్లొచ్చా?

ఇసుకతోట_అమ్మ

అందరికీ నమస్కారం. వైజాగ్ బీచ్ రోడ్డులో సాయంత్రాలు గ్రూపుగా సైకిల్ తొక్కేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

మా అపార్టుమెంటు వాట్సాప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. వచ్చే పౌర్ణమి రోజు సాయంత్రం ఐదున్నరకి అప్పుఘర్ దగ్గర కలుస్తారట. అక్కడ్నుంచి ఆర్కే బీచ్ వైపు సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లి తిరిగి రావడం. "ఫ్యామిలీ రైడ్, పిల్లలూ పెద్దలూ అందరూ రావచ్చు, ఫీజు లేదు" అని రాశారు. అంతే. ఎంత స్పీడులో వెళ్తారు, ఎంతమంది వస్తారు, మధ్యలో ఎవరైనా తొక్కలేక ఆగిపోతే ఏం చేస్తారు, ఒక్క ముక్క లేదు. కింద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తి "రండి ఆంటీ, సూపర్‌గా ఉంటుంది" అన్నాడు. సూపర్‌గా ఉంటుందని నాకూ తెలుసు బాబూ, నేనడిగింది అది కాదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాక మా పాపని ఇంట్లో పట్టడం నా వల్ల కావట్లేదు. దానికి ఎనిమిదేళ్లు. ఇరవై అంగుళాల సైకిలు, గేర్లు లేవు. సెల్లార్‌లో కార్ల మధ్య మెలికలు తిప్పుతూ తొక్కుతుంది, పార్కు చుట్టూ తొక్కుతుంది, పెద్ద రోడ్డు మీద మాత్రం ఎప్పుడూ తొక్కలేదు. ఇక నా సంగతి. ఇంటర్‌లో ట్యూషన్‌కి తొక్కిందే ఆఖరు. మా తమ్ముడు వదిలేసి వెళ్లిన గేర్ల సైకిల్ బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోడానికి పనికొస్తోంది, దాన్నే కిందికి దించాలి. మా ఆయనది ఆ రోజు బి షిఫ్టు, రాలేరు. నాలుగేళ్ల బాబు కూడా ఉన్నాడు. వాడు ఇప్పట్నుంచే క్యారియర్ ఎక్కి కూర్చుని దిగనంటున్నాడు.

మా అత్తయ్యగారు పోస్టర్ చూసిన దగ్గర్నుంచి ఒకటే పాట. "బీచ్ రోడ్డులో సాయంత్రం నడవడానికే చోటుండదు, చంటిదాన్ని సైకిలెక్కించి తీసుకుపోతావా?" అని. ఆవిడకి ఏదో ఒక జవాబు చెప్పాలి, అది నిజమైన జవాబు అయ్యుండాలి. అందుకే అడుగుతున్నా. ఆ వయసు పిల్లలతో ఈ దూరం వెళ్లొచ్చా? చీకటి పడ్డాక తిరిగి రావడం ఎలా ఉంటుంది? బాబుని క్యారియర్ మీద కూర్చోబెట్టుకోవచ్చా? ఎవరైనా స్వయంగా పిల్లలతో వెళ్లినవాళ్లు చెప్తే బాగుంటుంది.

---

తెల్లారిలేస్తా

సాయంత్రం ఎందుకండీ, పొద్దున్నే వెళ్లండి. కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు దాకా తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కదా. రోడ్డంతా మనదే. వాకింగ్ వాళ్లు, స్కేటింగ్ పిల్లలు, సైకిళ్లు తప్ప ఏమీ ఉండవు. సూర్యోదయం కూడా చూడొచ్చు.

---

ఇసుకతోట_అమ్మ

మీరు చెప్పింది నిజమే. కానీ మా పాపని ఐదింటికి లేపి చూపించండి, సైకిల్ నేనే కొనిపెడతాను మీకు. పైగా ఏడున్నర కల్లా నేను ఇంట్లో రెండు క్యారేజీలు కట్టి డ్యూటీకి బయల్దేరాలి. మాకు సాయంత్రమే కుదురుతుంది.

---

గాలివాటం

అమ్మా, నేను పెదవాల్తేరులో ఉంటాను. పోర్టులో చేసి రిటైరయ్యాను. ఇలాంటి రైడ్లలో అందరికంటే వెనక నెమ్మదిగా ఒక ముసలాయన వస్తుంటాడు చూడండి, మా గ్రూపులో ఆ పని నాది. మీరు చెప్పిన గ్రూపు ఎవరిదో నాకు తెలియదు, కాబట్టి ముందు రోడ్డు గురించి చెప్తాను.

అన్నిటికంటే ముందు గాలి. ఎండాకాలం సాయంత్రాలు మన ఒడ్డున గాలి నైరుతి నుంచి కొడుతుంది. మన బీచ్ రోడ్డు కూడా ఇంచుమించు నైరుతి నుంచి ఈశాన్యానికే పోతుంది. అంటే అప్పుఘర్ నుంచి ఆర్కే వైపు వెళ్లేటప్పుడు గాలి మొహాన కొడుతుంది, తిరిగొచ్చేటప్పుడు వీపున పడి తోస్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి కావలసింది ఇదే. ఓపికున్నప్పుడు కష్టం అయిపోవాలి. మీ పోస్టర్ వేసినవాళ్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ దారి మాత్రం మంచిది ఎంచుకున్నారు. అదే ఆర్కే దగ్గర బయల్దేరి రుషికొండ వైపు వెళ్లే రైడు అయితే, ఏప్రిల్లో చిన్నపిల్లలతో వద్దనే చెప్పేవాణ్ణి. పోయేటప్పుడు గాలి తోసుకుపోతుంటే "అబ్బో, నేను భలే తొక్కేస్తున్నానే" అనుకుంటారు. వెనక్కి తిరిగిన రెండో నిమిషంలో ఏడుపు మొదలు. జోడుగుళ్లపాలెం దగ్గర రోడ్డు పక్కన కూలబడిన పిల్లల్ని సైకిల్‌తో సహా ఆటో ఎక్కించి పంపిన సందర్భాలు మాకున్నాయి. నవంబరు వచ్చాక గాలి ఈశాన్యానికి మారుతుంది, అప్పుడు ఈ లెక్క తిరగేసుకోవాలి.

ఇక ఎత్తుపల్లాలు. అప్పుఘర్ నుంచి ఇటు సబ్‌మెరైన్ దాకా పెద్ద ఎత్తులేం లేవు. రానూపోనూ ఎనిమిది కిలోమీటర్ల దరిదాపు ఉంటుంది. పార్కు చుట్టూ గంటసేపు తిరిగే పిల్లకి ఎనిమిది కిలోమీటర్లు లెక్క కాదు, మధ్యలో ఆపితే చాలు. అటు తెన్నేటి పార్కు వైపు వెళ్తేనే చిక్కు. 2020లో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి రాళ్లలో ఇరుక్కుపోయింది కదా, అక్కడ కైలాసగిరి కింద రోడ్డు ఎక్కి దిగుతుంది. ఎక్కలేకపోతే దిగి నడిపించుకుపోవచ్చు. కిందికి జారేటప్పుడే నాకు భయం. చిన్నపిల్లల వేళ్లకి బ్రేకు పూర్తిగా అందదు.

ఇప్పుడు ఎవరూ ఆలోచించని సంగతి ఒకటి. మనం పోయేది ఎడమ పక్కన. అప్పుఘర్ నుంచి ఆర్కే వైపు పోతుంటే మీ ఎడమ చేతికి సముద్రం ఉంటుంది. ఆ పక్కనే కార్లు ఆపుతారు, ఐస్‌క్రీమ్ బళ్లు ఉంటాయి, పిల్లలు బంతి వెంట పరిగెత్తుకొస్తారు. ఆగి ఉన్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. కాబట్టి కార్ల వరసకి ఒక తలుపు వెడల్పంత దూరం ఉంచి తొక్కమనండి. పిల్లలు భయపడి అంచుకి ఒదిగిపోతారు, అదే ప్రమాదం. తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్క ఊరు ఉంటుంది. హోటళ్ల గేట్లు, సందులు. సందులోంచి స్కూటీ వాళ్లు సముద్రాన్ని చూస్తూ వచ్చేస్తారు, సైకిల్‌ని చూడరు.

పాప ముందు ఉండాలి, మీరు వెనక. సరిగ్గా వెనక కాదు, అర చక్రం కుడికి జరిగి. అప్పుడు వెనకొచ్చే బండికి ముందు మీరు కనపడతారు, మీకు పాప కనపడుతుంది. చాలామంది తల్లిదండ్రులు తాము ముందు పోతూ నిమిషానికోసారి మెడ తిప్పి చూస్తుంటారు. మెడతో పాటు హ్యాండిల్ కూడా తిరుగుతుంది.

చీకటి అంటారా. మనకి సూర్యుడు సముద్రంలో లేచి కొండల వెనక దిగుతాడు. ఏప్రిల్లో ఆరుంపావు ప్రాంతంలో అస్తమయం, ఆ తర్వాత అరగంటకి చీకటి. మీరు తిరిగొచ్చేది ఆ చీకట్లోనే. రోడ్డుకి లైట్లు ఉన్నాయి, కానీ సైకిల్‌కి ముందు తెల్లది, వెనక ఎర్రది ఉండి తీరాలి. వెనకది మిణుకు మిణుకుమనే మోడ్‌లో పెట్టకండి. గ్రూపులో మీ వెనక వచ్చేవాడి కళ్లు పోతాయి. నిలకడగా వెలిగేలా పెట్టుకోండి.

పౌర్ణమి రోజు పెట్టడం వెనక కారణం మీకు తెలిసే ఉంటుంది. సూర్యుడు ఇటు దిగే వేళకే చంద్రుడు అటు సముద్రంలోంచి లేస్తాడు. మర్నాడైతే ముప్పావు గంట పైగా ఆలస్యమవుతుంది, అప్పటిదాకా పిల్లలు ఆగరు. నీళ్ల మీద మసక ఉంటే బెత్తెడు పైకొచ్చాక గానీ కనపడదు, అప్పుడు ఎర్రగా ఉంటుంది.

ఇక ఆ గ్రూపు సంగతి. మళ్లీ ఫోన్ చేసి "అందరికంటే వెనక ఎవరుంటారు?" అని అడగండి. జవాబు టక్కున వస్తే వెళ్లండి. "అందరం కలిసే వెళ్తాం" అంటే వాళ్లకి తెలియదని అర్థం. అందరూ కలిసి ఎవరూ వెళ్లరు. కుర్రాళ్లు ఇరవై, పాతిక స్పీడులో పోతారు, మీ పాప పది, పన్నెండు. వుడా పార్కు రాకముందే మీరిద్దరూ ఒంటరైపోతారు.

---

బీచ్‌రోడ్డు_డ్రైవర్

నేను ఈ రోడ్డులో క్యాబ్ తోలతాను. రోజూ చూస్తాను ఈ సైకిల్ గ్రూపుల్ని. మేడం గారిని అనట్లేదు, మంచి ప్రశ్నే అడిగారు. కానీ ముగ్గురు నలుగురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోతారు, వెనక హారన్ కొడితే మనల్నే కోపంగా చూస్తారు. ఒకళ్ల వెనక ఒకళ్లు పోతే మాకూ ఇబ్బంది లేదు.

పెద్దాయన చెప్పనిది ఒకటి చెప్తా. శని, ఆదివారాలు సాయంత్రం అసలు వద్దు. బయటి ఊళ్ల బండ్లు వస్తాయి, వాళ్లకి రోడ్డు తెలియదు. సబ్‌మెరైన్ కనపడగానే నడిరోడ్డు మీద బ్రేకేస్తారు, సెల్ఫీకి. మామూలు రోజైతే ఫర్వాలేదు. నేవీ వాళ్లు ఇక్కడ విన్యాసాలు పెట్టిన రోజు, దానికి ముందు రిహార్సల్ రోజులు, కార్తీక పౌర్ణమి, ఇవి కూడా మర్చిపోండి. ఆ రోజుల్లో నేనే అటు పోను.

సబ్‌మెరైన్ దగ్గర రోడ్డు దాటొద్దు పిల్లలతో. అటు పక్క విమానం మ్యూజియం ఉంది కదా, పిల్లలు ఒక్కసారిగా అటు తిప్పేస్తారు హ్యాండిల్. దిగి, నడిపించుకుంటూ దాటించండి.

---

ప్లాస్టర్‌రూమ్_సిస్టర్

ఇసుకతోట అమ్మగారూ, పాప విషయం పైన పెద్దవాళ్లు చెప్పారు. నేను బాబు గురించే చెప్తా, దయచేసి క్యారియర్ మీద కూర్చోబెట్టకండి.

నేను ఎముకల డిపార్టుమెంటులో నర్సుని. సెలవులొస్తే మాకు వచ్చే కేసుల్లో ఇదొకటి. వెనక కూర్చున్న నాలుగైదేళ్ల పిల్లాడి మడమ స్పోకుల్లోకి వెళ్తుంది. వాడికి కాళ్లు పెట్టుకోడానికి చోటుండదు, కాసేపు దూరంగా చాపుకుని కూర్చుంటాడు, అలసిపోయి వదిలేస్తాడు. చక్రం లాగేసుకుంటుంది. తొక్కేవాళ్లకి సైకిల్ ఎందుకో బరువెక్కినట్టు అనిపిస్తుందే తప్ప ఏం జరిగిందో తెలియదు, ఇంకో తొక్కుడు గట్టిగా తొక్కుతారు. మడమ వెనక చర్మం లేచొస్తుంది, ఒక్కోసారి ఎముక విరుగుతుంది. మానడానికి వారాలు పడుతుంది, చర్మం అతకాల్సి రావచ్చు. చెప్పులేసుకున్న పిల్లలకి ఇంకా ఎక్కువ.

తీసుకెళ్లాలనే ఉంటే బెల్టు, కాళ్లకి పక్కల అడ్డు, పాదాలు బిగించే పట్టీలు ఉన్న పిల్లల సీటు వేరే దొరుకుతుంది, అది బిగించుకోవాలి. అది కూడా మీరు చాలా ఏళ్ల తర్వాత తొక్కుతున్నారు కాబట్టి ఈసారికి వద్దు. పదిహేను కిలోల బరువు వెనక, అంత ఎత్తున కదులుతుంటే అలవాటున్నవాళ్లే తడబడతారు. పైగా ఆ వయసు పిల్లలు గాలి తగిలితే చాలు నిద్రపోతారు, తల ఒక పక్కకి వాలిపోతుంది.

పాపకి హెల్మెట్ వెనక్కి నెట్టి పెట్టకండి, నుదురంతా కనపడకూడదు. కనుబొమ్మలకి పైన రెండు వేళ్ల దూరం. గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. రెండు జడలు వేస్తే హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుంది. పైకి కట్టిన పోనీటెయిల్ మీద కూర్చోదు.

---

పాత_పంపు

సైకిల్ రిపేరు షాపు నాది. ఊళ్లో ఎక్కడని చెప్తే ప్రచారం అంటారు, వదిలేయండి.

బాల్కనీలో ఉన్న సైకిలు ఎక్కగానే తిరగదండి. మన ఊళ్లో బాల్కనీ అంటే ఉప్పు గాలి. చైను ఒకసారి చేత్తో వెనక్కి తిప్పి చూడండి, లింకులు వంగినవి వంగినట్టే ఉండిపోతే అది తుప్పు. కిరసనాయిలుతో తుడిచి ఆయిల్ వేస్తే కదులుతుంది, కదలకపోతే మార్చాలి. టైరు గాలి లేకుండా నెలల తరబడి ఒకేచోట నిలబడి ఉంటే పక్కన సన్నటి పగుళ్లు వస్తాయి. గోరుతో నొక్కి చూడండి. పగుళ్లలో దారాలు కనపడితే ఆ టైరుతో రోడ్డెక్కొద్దు. బ్రేకు రబ్బర్లు గట్టిపడి ఉంటాయి, అవి ఎక్కువ ఖరీదు కాదు, ముందే మార్పించేయండి. ఇదంతా రైడుకి నాలుగు రోజుల ముందు చేయించాలి. అదే రోజు మధ్యాహ్నం తెచ్చి "అన్నా, అర్జెంటు" అంటారు అందరూ.

పాప సైకిల్‌కి స్పేర్ ట్యూబు తీసుకెళ్లండి. గ్రూపులో అందరి దగ్గరా పెద్ద చక్రాల ట్యూబులే ఉంటాయి, ఇరవై అంగుళాలది ఒక్కరి దగ్గరా ఉండదు. వాల్వ్ ఏ రకమో కూడా చూసుకోండి. పాత రకం సైకిల్ వాల్వ్, స్కూటర్‌కి ఉండే లావు వాల్వ్, ఖరీదైన సైకిళ్లకి సన్నగా పొడుగ్గా ఉండేది. వాళ్ల పంపు మీ వాల్వ్‌కి పట్టకపోతే పంపున్నా లాభం లేదు.

బ్రేకు అందదని పెద్దాయన అన్నారు కదా. బ్రేకు లివర్ మొదట్లో చిన్న స్క్రూ ఉంటుంది చాలా సైకిళ్లకి. దాన్ని లోపలికి బిగిస్తే లివర్ హ్యాండిల్ దగ్గరికి వస్తుంది, చిన్న వేళ్లకి అందుతుంది. ఈ స్క్రూ ఉందని కొన్నవాళ్లకి ఎవరూ చెప్పరు. మరీ దగ్గరికి లాగొద్దు, గట్టిగా పట్టినప్పుడు లివర్ హ్యాండిల్‌కి తగలకూడదు.

రోడ్డు అంచున గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకుంటుంది, పైకి కనపడదు. దాని మీద ముందు బ్రేకు ఒక్కటే పడితే చక్రం పక్కకి జారుతుంది. రెండూ కలిపి, నెమ్మదిగా.

ఇంకో మాట. చున్నీ. లెగ్గింగ్ మీద కుర్తీ వేసుకుని చున్నీ ఇంట్లో పెట్టి వెళ్లండి. వదలడానికి మొహమాటమైతే నడుముకి గట్టిగా ముడేసుకోండి. వెనక చక్రానికి చీర గార్డు లేని గేర్ల సైకిళ్లలోంచి నేను కత్తెరతో కోసి తీసిన చున్నీలతో దుకాణం పెట్టొచ్చు.

---

ఇసుకతోట_అమ్మ

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్ గారూ, మీరు రాసింది చదివి బాబుని క్యారియర్ మీంచి దింపేశాను. వాడు ఏడుస్తున్నాడు, ఏడవనీ.

గాలివాటం గారూ, మీరు చెప్పినట్టే ఫోన్ చేశాను. "వెనక ఎవరుంటారు బాబూ?" అన్నా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఒక్క నిమిషం, అక్కకి ఇస్తా" అన్నాడు. ఆ అక్క మాత్రం భలే చెప్పింది. వెనక వాళ్ల నాన్నగారు ఉంటారట, ఆయన్ని దాటి ఎవరూ వెనకబడకూడదట. ముందు తనుంటుంది, పన్నెండు కంటే ఎక్కువ స్పీడు వెళ్లదు. పెదజాలారిపేట దగ్గర ఒకసారి, వుడా పార్కు దగ్గర ఒకసారి ఆగి అందర్నీ లెక్కపెడతారు. వేగంగా పోవాలనుకునే కుర్రాళ్లకి వేరే రోజు పెట్టారట. పదేళ్లలోపు పిల్లలుంటే పెద్దవాళ్లు తప్పనిసరి, హెల్మెట్ లేకపోతే వెనక్కి పంపేస్తారు. ఇదంతా పోస్టర్ మీద రాయొచ్చు కదా అంటే, "రాస్తే ఎవరూ చదవరు అక్కా" అంది.

అత్తయ్యగారితో చెప్పాను. పూర్తిగా విని, "అయితే నేనూ వస్తా" అన్నారు. సైకిల్ మీద కాదులెండి. బాబుని తీసుకుని ఆటోలో తిన్నగా సబ్‌మెరైన్ దగ్గరికి వస్తారట. కనపడకపోతే పోలీసులకి చెప్తారట.

---

గాలివాటం

ఆ అమ్మాయి చేతిలో ఉన్న రైడుకి నిశ్చింతగా వెళ్లండి. ఎదురుగాలికి పాప డీలా పడితే దాన్ని లావుపాటి మనిషి వెనక తొక్కమనండి. సైకిల్ పొడుగంత ఎడం ఉంచి, సరిగ్గా ఆయన వీపు వెనక. గాలి సగానికి సగం తగ్గినట్టుంటుంది. ప్రతి గ్రూపులోనూ అలాంటివాడు ఒకడుంటాడు. మా గ్రూపులో నేనే.

---

ఇసుకతోట_అమ్మ

వెళ్లొచ్చాం. నిన్ననే రాయాల్సింది, కాళ్లు పట్టేసి మంచం దిగలేదు.

మొత్తం ఓ పాతికమంది ఉంటారు. సగం పిల్లలే. ఒకాయన ముందు బుట్టలో కుక్కపిల్లని పెట్టుకుని వచ్చాడు. బయల్దేరగానే ఎదురుగాలి. నేను మీరంతా ఏదో జాగ్రత్తకి చెప్పారనుకున్నా గానీ అది మామూలు గాలి కాదు, మాట బయటికి రానివ్వదు. లాసన్స్ బే దాటకముందే మా పాప "అమ్మా, సైకిల్‌ని ఎవరో వెనక్కి లాగుతున్నారే" అంది. ముందు ఒక అంకుల్ ఉన్నారు, మీరన్న లక్షణాలతోనే. "ఆయన వెనక తొక్కు, చొక్కా మీద గీతలు లెక్కపెట్టు" అన్నా. లెక్కపెట్టుకుంటూ పెదజాలారిపేట దాకా వచ్చేసింది. అక్కడ ఆగినప్పుడు ఆ అంకుల్‌తో "మీరు పక్కకి తిరగొద్దండీ, నాకు గాలి వస్తోంది" అని కూడా చెప్పింది. ఆయన వుడా పార్కు దాకా మెడ తిప్పలేదు పాపం.

కార్ల తలుపుల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. వైఎంసీఏ దగ్గర ఒకావిడ తలుపు తెరిచేసింది. దూరంగా తొక్కుతున్నాం కాబట్టి ఏమీ కాలేదు.

చైను నాదే పడింది. పాత_పంపు గారూ, రిపేరు చేయించాను, నాలుగు రోజుల ముందే. అయినా నేను ఎదురుగాలిలో గేర్లు ఒకేసారి మూడు మార్చేశాను, అది దిగి కూర్చుంది. వెనక వస్తున్న పెద్దాయన, ఆ అక్క వాళ్ల నాన్నగారు, సైకిల్ తిరగేయకుండానే పుల్ల పెట్టి ఎక్కించేశారు. "ఒక్కొక్కటే మార్చమ్మా, గాలి ఎక్కడికీ పోదు" అన్నారు.

సబ్‌మెరైన్ దగ్గరికి చేరేసరికి అత్తయ్యగారు ముంత కింద పప్పు పొట్లాలు కొనుక్కుని గట్టు మీద కూర్చుని ఉన్నారు. బాబు సబ్‌మెరైన్ చుట్టూ చూసి "ఇది ఎందుకు పైకొచ్చేసింది?" అని అడిగిందే అడుగుతున్నాడట. 2001 దాకా నేవీలో పనిచేసింది, రిటైరయ్యాక ఇక్కడికి లాక్కొచ్చి పెట్టారు అని ఎవరో చెప్తే, "తాతయ్యలాగా?" అన్నాడట. చంద్రుడు చాలాసేపు కనపడలేదు. నీళ్ల మీద మసక. అందరూ లేచి సైకిళ్లు తీస్తుంటే ఒక పిల్లాడు అరిచాడు, చూస్తే అప్పటికే బాగా పైకొచ్చేసి ఉంది, చిలకడదుంప రంగులో. ఫోన్లు తీసి ఫొటోలు. ఒక్కటీ బాగా రాలేదు.

వచ్చేటప్పుడు ఇక చెప్పక్కర్లేదు, గాలే తీసుకొచ్చేసింది. మా పాప ముందున్న అక్కని దాటేయబోతే ఆవిడ గట్టిగా అరిచి ఆపింది. నేను ఏం అనలేదు, నేను అరిస్తే వినదు, ఆవిడ అరిస్తే విన్నది. కానీ వెనకెవరో మిణుకు లైటు పెట్టుకుని నా ముందుకొచ్చేశారు, కళ్లు చెదిరిపోయాయి. మీరన్నది అప్పుడు అర్థమైంది.

అత్తయ్యగారు ఇంటికొచ్చాక ఏమంటారా అని చూశాను. "వచ్చే నెల పౌర్ణమి ఎప్పుడు?" అని క్యాలెండర్ చూస్తున్నారు. ఆవిడకి సైకిళ్ల కంటే ఆ పొట్లాల బండి నచ్చిందని నా అనుమానం.

ఇప్పుడు ఇంకో గొడవ. రైడులో ఒకమ్మాయికి ఇరవై నాలుగు అంగుళాల గేర్ల సైకిల్ ఉంది. మా పాప నిన్నట్నుంచి అదే కావాలంటోంది. ఎలాగూ పెరుగుతుంది కదా, పెద్దది కొనేస్తే రెండు మూడేళ్లు వస్తుందని మా ఆయన అంటున్నారు. కొనేయమంటారా?

---

పాత_పంపు

పాప ఎత్తెంత? సీటు పూర్తిగా కిందికి దించి కూర్చోబెట్టినప్పుడు రెండు కాళ్ల మునివేళ్లూ నేలకి ఆనాలి. సీటు ముందు నిలబడితే మధ్య రాడ్డుకీ పాపకీ మధ్య ఎడం ఉండాలి. ఈ రెండూ కుదిరితే తీసుకోండి. ఎనిమిదేళ్ల పిల్లలకి సాధారణంగా కుదరదు, ఇంకో ఏడాది ఆగాలి. పెరుగుతుందని షూ రెండు సైజులు పెద్దవి కొంటారా?

ఇరవై అంగుళాల్లోనే గేర్లున్నవి వస్తాయి. అది కూడా వద్దు, ఉన్నదాని చైను శుభ్రం చేయించి, రైడు నుంచి వచ్చిన రోజే మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆయిల్ వేయండి. ఇసుకా ఉప్పూ కలిసి రాత్రికి రాత్రే పట్టేస్తాయి. నిన్న తుడిచారా?

---

ఇసుకతోట_అమ్మ

లేదు. ఇప్పుడే వెళ్తున్నా.